‘అస్ వర్సెస్ దెమ్’: మనమా, మేమా?

ఇంగ్లిషులో ‘అస్ వర్సెస్ దెమ్’ అనే మూడు మాటల పలుకుబడిని తెలుగులోకి తెచ్చుకోవాలని కూర్చున్నవారికి చిక్కంతా మొదటి మాట దగ్గరే వస్తుంది. ‘దెమ్’ అంటే వాళ్ళు. అందులో సందేహం లేదు. ‘వర్సెస్’ను పత్రికలవాళ్ళు ఎప్పుడో తెలుగు లిపిలోకి దించుకున్నారు, క్రికెట్ వార్తల్లోనూ ఎన్నికల చర్చల్లోనూ అది చెల్లుబాటవుతూనే ఉంది. ‘అస్’ మాత్రం తెలుగు గడప దాటగానే రెండుగా చీలిపోతుంది. మనం అనాలా, మేము అనాలా? సంపాదకీయాల్లోనూ అనువాద వ్యాసాల్లోనూ ఈ పలుకుబడి ‘మనం–వాళ్ళు’గానో ‘మేము–వారు’గానో కనిపిస్తూ ఉంటుంది. ఏది ఎందుకు వేశారని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు, చేతికి ఏది వస్తే అది వేసినట్టుంటుంది. నిజానికి ఆ ఎంపికలోనే ఈ పలుకుబడి సారమంతా ఉన్నది.

ముందుగా ఇంగ్లిషులో దాని నడక చూడాలి. ఒక ఊరిని, ఒక ఆఫీసును, ఒక దేశాన్ని రెండు ముక్కలుగా చూసి, తమ ముక్కలో ఉన్నవాళ్ళ తప్పు కంటికి ఆననట్టు, అవతలి ముక్కలో ఉన్నవాళ్ళ ఒప్పు చెవిన పడనట్టు ప్రవర్తించే ధోరణికి అది పేరు. రెండు పక్షాల మధ్య తగాదా ఉంటే చాలదు. ఇద్దరు దాయాదులు గట్టు కోసం కోర్టుకు పోతే అది తగాదా. ఆ తగాదాలో ఊరంతా ‘మీరు ఎటు?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి వస్తే, అప్పుడు ఈ పలుకుబడి పనికొస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇంగ్లిషు రాసేవారు దీన్ని తమ గురించి వాడుకోవడం అరుదు. ఎక్కువగా ‘మెంటాలిటీ’, ‘పాలిటిక్స్’ వంటి మాటల ముందు విశేషణంగా, ఎదుటివారి చూపులోని లోపాన్ని ఎత్తిచూపడానికి వాడతారు. అంటే ‘అస్’ అని రాస్తున్నది ఒకరు, ఆ ‘అస్’ అనుకుంటున్నది మరొకరు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

బ్రిటన్‌లో ఇదే పలుకుబడి తలకిందులుగా ‘దెమ్ అండ్ అస్’ అని కూడా నడుస్తుంది, ముఖ్యంగా యజమానులు, కార్మికుల మధ్య దూరం గురించి చెప్పేటప్పుడు. ‘వర్సెస్’ లాటిన్ మాట. ‘వైపు తిరిగి’, ‘ఎదురుగా’ అని దాని మూలార్థం. అది ఇంగ్లిషులో స్థిరపడింది కోర్టు కాగితాల ద్వారా. అక్కడొక చిన్న విశేషముంది. ఇంగ్లండ్‌లో కేసు పేరులో ఇద్దరి మధ్య ‘వి’ అనే ఒక్క అక్షరమే రాస్తారు కానీ, సివిల్ కేసయితే దాన్ని ‘అండ్’ అని, క్రిమినల్ కేసయితే ‘అగెయిన్‌స్ట్’ అని చదవడం అక్కడి న్యాయవాదుల ఆచారం. ఒకే గుర్తు ఒకచోట ‘మరియు’, ఇంకోచోట ‘వ్యతిరేకంగా’ అవుతోందన్నమాట.

ఈ చూపుకు శాస్త్రంలో పేరు పెట్టినవారిలో ముందువరసలో నిలిచేవాడు అమెరికన్ సమాజశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్. 1906లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ‘ఇన్-గ్రూప్’, ‘అవుట్-గ్రూప్’ అనే విభజన చేశాడు. లోపల శాంతి, బయట శత్రుత్వం ఒకదాన్నొకటి పోషించుకుంటాయని వాదించాడు. అయితే మనుషులు రెండుగా చీలడానికి ఎంత కారణం కావాలి అన్న ప్రశ్నకు ఆశ్చర్యకరమైన జవాబు 1970లో వెలువడింది. పోలండ్‌లో పుట్టిన యూదు శాస్త్రవేత్త హెన్రీ తాజ్ఫెల్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి బందీగా బతికి బయటపడ్డవాడు, బ్రిస్టల్ నగరంలో పద్నాలుగు, పదిహేనేళ్ళ బడి పిల్లల మీద ప్రయోగాలు చేశాడు. తెర మీద చుక్కలు చూపించి ఎన్ని ఉన్నాయో అంచనా వేయమన్నాడు. ఇంకోసారి ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపి ఏవి నచ్చాయో చెప్పమన్నాడు. దాని ప్రకారమే గుంపులు కట్టామని పిల్లలకు చెప్పారు కానీ, నిజానికి ఎవరిని ఏ గుంపులో వేసిందీ లెక్కాపత్రం లేని పంపకమే. తమది ఏ గుంపో తెలుసు కానీ అందులో ఇంకా ఎవరెవరు ఉన్నారో పిల్లలకు తెలియదు, తమకు తాము ఏమీ ఇచ్చుకోవడానికి వీల్లేదు. అయినా డబ్బు పంచమంటే తమ గుంపుకే మొగ్గు చూపారు. అంతకన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది: తమ గుంపుకు ఎక్కువ మొత్తం దొరికే దారి ఉన్నప్పుడు కూడా, అవతలి గుంపుతో తేడా పెద్దదిగా ఉండే దారినే చాలామంది ఎంచుకున్నారు. మనకు నాలుగు పైసలు తగ్గినా ఫర్వాలేదు, వాళ్ళకు ఇంకా తగ్గాలి. ఊళ్ళో పంపకాల పంచాయితీ ఒక్కసారి చూసినవారికి ఈ లెక్క కొత్తగా అనిపించదు.

చుక్కల లెక్కకే చీలిపోయే మనిషి ‘మేము’, ‘వాళ్ళు’ అనే మాటలకు చీలిపోవడంలో వింతేముంది? మాటే మొదటి గీత గీస్తుంది. ఆ గీతను తెలుగు భాష ఇంగ్లిషు కన్నా ఎంతో స్పష్టంగా గీస్తుంది.

‘మేము’ అంటే మాట్లాడేవాడూ అతని వెంట ఉన్నవాళ్ళూ. వింటున్నవాడు అందులో లేడు. ‘మనం’ అంటే వింటున్నవాడు కూడా లోపలే. వ్యాకరణం తెలియని ఐదేళ్ళ పిల్లకు కూడా ఈ తేడా తెలుసు. “మేం అంగడికి పోతున్నం” అని తల్లి అంటే ఏడుపు మొదలవుతుంది. “మనం అంగడికి పోదాం” అంటే పిల్ల చెప్పులు వెతుక్కుంటుంది. ‘పోదాం’, ‘తిందాం’ వంటి రూపాలకు ‘మనం’ తప్ప కర్త కుదరదు. ‘మేము పోదాం’ అని తెలుగువాడి నోట రాదు. ఇక క్రియ చివర మాత్రం రెండింటికీ ఒకటే కాబట్టి, కర్తను మింగేసి “రేపు మేడారం పోతున్నం” అంటే ఎదుటివాడు “మనమా, మీరా?” అని తిరిగి అడగవలసి వస్తుంది. ఆ ప్రశ్న అడగగలగడమే తెలుగువాడికి భాష ఇచ్చిన సౌకర్యం.

ఇది ద్రావిడ భాషల పాత సొత్తు. తమిళంలో నామ్, నాంగళ్ అని, మలయాళంలో నమ్మళ్, ఞంఙళ్ అని ఈ భేదం నిలిచే ఉంది. పాత తెలుగులో ‘మేము’ బదులు ‘ఏము’ కనిపిస్తుంది. నేటి కన్నడ వాడుకలో మాత్రం ‘నావు’ ఒక్కటే మిగిలింది. ఉత్తర తెలంగాణకు పొరుగున ఉన్న మరాఠీ ఆర్యభాషే అయినా ఆపణ్, ఆమ్హీ అని రెండు మాటలు పెట్టుకుంది. అది ద్రావిడ భాషల సహవాసంతో వచ్చిందని భాషావేత్తలు అంటారు. హిందీ ‘హమ్’, ఇంగ్లిషు ‘వీ’, ‘అస్’ ఈ తేడా ఎరగవు. అవి అందరినీ ఒకే గొంగడి కింద కప్పుతాయి. ఎవరి కాళ్ళు బయట ఉన్నాయో విన్నవాళ్ళే తడిమి చూసుకోవాలి.

ఆ తడుములాటకు ప్రపంచమంతా విన్న ఉదాహరణ ఒకటుంది. 2001 సెప్టెంబర్ 20న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉభయ సభల సంయుక్త సమావేశంలో మాట్లాడుతూ, ప్రతి దేశమూ తేల్చుకోవాలని, ఉంటే తమ వైపు ఉండాలని, లేదంటే ఉగ్రవాదుల వైపు ఉన్నట్టేనని అన్నాడు. ఆ వాక్యంలో ఆయన వాడింది ‘అస్’ అనే ఒక్క మాట. వాషింగ్టన్‌లో ఆ హాల్లో కూర్చున్న సభ్యుడికి అది ‘మనతో’ అని వినపడింది. హనుమకొండలో టీవీ ముందు కూర్చున్నవాడికి ‘మాతో’ అని వినపడింది. చప్పట్లు కొట్టించిన మాటే బెదిరించిన మాట కూడా. తెలుగులో ఆ వాక్యం చెప్పాలంటే ఒక మెట్టు దిగి ఏదో ఒకటి ఒప్పుకోవాలి: ‘మాతో’ అంటే హాల్లోనివాళ్ళు బయటపడతారు, ‘మనతో’ అంటే బెదిరింపు పోయి పిలుపు అవుతుంది. ఇంగ్లిషు వాక్యానికి ఉన్న బలం అది ఏదీ ఒప్పుకోకపోవడంలోనే ఉంది.

అయితే తెలుగులో ‘మనం’ ఉంది కనుక మోసం ఉండదని కాదు. ఇంగ్లిషువాడు దాచిపెట్టే చోట తెలుగువాడు లోపలికి లాగుతాడు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచే రోజుల్లో ఈ లాగుడు ఎలా ఉంటుందో దగ్గరగా చూడవచ్చు. పొద్దున జెండా పాట అయిపోయి రేటు తేలిన తర్వాత, బస్తా మూతి కుట్టు కోసి, గుప్పెడు కాయ తీసి, ఒక కాయ తొడిమ విరిచి, గింజ రాల్చి చూసి అడ్తిదారు అంటాడు: “తేమ ఉన్నదన్నా. తాలు గూడ కలిసింది. మనకు ఇంతకంటె రాదు.” రైతు వెంటనే జవాబు చెప్పడు. బస్తా మీద చేయి వేసి కాసేపు నిలబడి అంటాడు: “మీకేమున్నదన్నా, కాంటా అయితే మీ పని ఒడిసె. పెట్టుబడి మాది.” అవతలివాడు ‘మన’ అని గీత చెరిపేశాడు, ఇవతలివాడు ‘మీ’, ‘మా’ అని మళ్ళీ గీశాడు. ఆ రెండు వాక్యాల మధ్య రేటు గురించిన బేరం కన్నా పెద్ద బేరం జరిగింది. అడ్తిదారు రైతు తరఫున సరుకు అమ్మిపెట్టేవాడే కనుక, పంట వేసేటప్పుడు అప్పు ఇచ్చేవాడు కూడా చాలాసార్లు అతనే కనుక, ఆ ‘మన’ పూర్తిగా అబద్ధం అని కొట్టేయలేము. కానీ రేటు పడిపోతే ఆ నష్టం ఎవరిదన్నప్పుడు ఆ ‘మన’ నిలవదని రైతుకు తెలుసు. వేదిక మీద నాయకుడు అనే ‘మనం’లోనూ ఇదే కనిపెట్టవలసి ఉంటుంది: పిలిచేటప్పుడు లోపల ఉన్నవాళ్ళు పంచేటప్పుడు లోపల ఉన్నారా?

గీత ఎక్కడ పడుతుందన్నది నిలబడ్డ చోటును బట్టి కూడా మారుతుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన నగరం. బయటివాళ్ళకు మూడూ వరంగలే. హనుమకొండ కుమార్‌పల్లిలో ఉండే మనిషి హైదరాబాద్‌లో “మాది వరంగల్” అంటాడు. అదే మనిషి హనుమకొండ చౌరస్తాలో బస్సు ఎక్కుతూ “వరంగల్ పోతున్న” అంటాడు, ఏదో పరాయి ఊరికి పోతున్నట్టు. ఇంటి దగ్గర్లో ఎవరైనా అడిగితే “మాది కుమార్‌పల్లి”. అబద్ధం ఎక్కడా లేదు, అడిగినవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంత పెద్దదవుతుంది ‘మా’. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్, రూరల్ అన్న పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అన్న జిల్లాలు వచ్చాయి. భూపాలపల్లివాళ్ళు, మహబూబాబాద్‌వాళ్ళు, జనగామవాళ్ళు కాగితం మీద వేరే జిల్లావాళ్ళయ్యారు. పెళ్ళిసంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇప్పటికీ “మన వరంగల్ జిల్లానే” అంటారు. పలుకుబడికి గెజిట్‌తో పని లేదు.

ఈ ప్రాంతంలో ‘మేము’, ‘వాళ్ళు’ అన్న భేదం చట్టంగా మారిన చరిత్ర కూడా ఉంది కనుక, ఇంగ్లిషు పలుకుబడిని ఇక్కడి పాఠకుడు పుస్తకంలోని మాటగా మాత్రమే చదవలేడు. ‘ముల్క్’ అంటే దేశం. ఈ గడ్డవాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, మొదటి సాలార్‌జంగ్ కాలం నుంచి, ఉత్తర హిందుస్థానం నుంచి వచ్చి హైదరాబాద్ రాజ్యంలో ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళ మీద ఉన్న అసంతృప్తి ఈ మాటకు పదును పెట్టింది. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధన స్థిరపడింది. పదిహేనేళ్ళ నివాసం దానికి ముఖ్యమైన కొలత. 1948 తర్వాత ఉద్యోగాల్లోకి మద్రాసు రాష్ట్రం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారు, వారిలో చాలామంది మాట్లాడేది తెలుగే. అయినా పాత మాటే ఈ కొత్తవాళ్ళకు అంటుకుంది. 1952లో వరంగల్‌లో విద్యార్థులతో రాజుకున్న ఆందోళన హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయేదాకా వెళ్ళింది. ‘నాన్ ముల్కీ గోబ్యాక్’ అన్న నినాదం పక్కనే ‘ఇడ్లీ సాంబార్ గోబ్యాక్’ అన్నది కూడా వినిపించింది. గీత గీసినప్పుడు ‘వాళ్ళ’ను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు కావాలి, ఒక్కోసారి అది భాష, ఒక్కోసారి మతం, ఆ రోజు తిండి. అసలు ఫిర్యాదు ఉద్యోగాల గురించి. సాంబారు చేసిన తప్పేమీ లేదు. ‘అస్ వర్సెస్ దెమ్’ అన్న పలుకుబడిని ఇంగ్లిషులో ఎప్పుడు విమర్శగా వాడతారో సరిగ్గా చూపించే ఘట్టం ఇదే: న్యాయమైన ఫిర్యాదు మనుషుల అలవాట్ల మీదికి పాకే క్షణం.

తర్వాత 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి ఉద్యోగాల కోసం ఆంధ్రప్రదేశ్‌ను జోన్లుగా విడగొట్టాయి. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం కలిసి ఐదో జోన్ అయింది. స్థానికుడు ఎవరన్నది పదో తరగతి దాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్న లెక్కతో తేల్చే పద్ధతి వచ్చింది. ‘మనోడు’ అన్న మాటకు స్టడీ సర్టిఫికెట్ రుజువైంది. భావోద్వేగంతో గీసిన గీత కన్నా అంకెలతో గీసిన గీత మేలైనదని ఒప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు, దాటవచ్చు కూడా. పదిహేనేళ్ళు ఉంటే ముల్కీ కావచ్చునన్న నియమంలో తలుపు ఒకటి తెరిచే ఉంది. సాంబారు నినాదంలో ఆ తలుపు లేదు.

తెలంగాణ రాష్ట్ర ఉద్యమం నడిచిన కాలంలో సర్వనామాలను గమనిస్తే మరో విషయం తెలుస్తుంది. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడింటి గురించి డిల్లీకో అవతలి ప్రాంతానికో చెప్పేటప్పుడు నోటికి వచ్చింది ‘మా’: మా నీళ్ళు, మా కొలువులు, మా రాష్ట్రం మాకు. వింటున్నవాడు బయటివాడు గనుక అది సహజం. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన కొద్ది వారాలకే కొత్త ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమానికి ‘మన ఊరు–మన ప్రణాళిక’ అని పేరు పెట్టారు. 2022లో బడుల కోసం వచ్చినది ‘మన ఊరు–మన బడి’. ‘మా’ పోయి ‘మన’ వచ్చింది. అడిగేవాడి సర్వనామం ఒకటి, పాలించేవాడి సర్వనామం ఒకటి. ఇంగ్లిషులో రెండింటికీ ‘అవర్’ అనే రాయాలి. ఈ మార్పు అక్కడ కంటికి కనిపించదు.

వరంగల్‌నే తన ఊరు చేసుకున్న కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన కవిత ఒకటి ఇక్కడ చాలామందికి నోటికి వచ్చు. దోచుకునేవాడు ప్రాంతేతరుడైతే దూరం దాకా తరుముతామని, ప్రాంతం వాడే దోచుకుంటే ప్రాణంతోనే పాతరేస్తామని దాని భావం. సభల్లో మొదటి సగం ఎక్కువగా వినిపిస్తుంది. రెండో సగానికే ఎక్కువ బరువు. ఎందుకంటే గీత ప్రాంతం దగ్గర ఆగలేదు, దోపిడీ దగ్గరికి జరిగింది. ‘వాళ్ళు’ అన్న మాట ‘మనోళ్ళ’ లోపలికి వచ్చి కూర్చుంది. ‘అస్ వర్సెస్ దెమ్’ ధోరణికి తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా సూటి సమాధానం దొరకడం కష్టం.

ఇంకా వెనక్కి పోతే, భగవద్గీత మొదలయ్యేదే ఈ గీతతో. ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి అడిగే మొదటి శ్లోకంలో తన కొడుకులను ‘మామకాః’, నావాళ్ళు, అంటాడు. తమ్ముడి కొడుకులను ‘పాండవాః’, పాండుడి కొడుకులు, అంటాడు. తండ్రి పోయిన తర్వాత ఆ పిల్లలకు పెద్దదిక్కు తానే. అయినా ‘నావాళ్ళు’లో వాళ్ళు పట్టలేదు. అక్కడ ‘వర్సెస్’ లాంటి మాట ఏదీ లేదు, ఉన్నది ‘చ’ మాత్రమే, అంటే ‘మరియు’. ఇంగ్లండ్ న్యాయవాది కాగితంపై ‘వి’ని ‘అండ్’ అని చదివినట్టు, ఈ గుడ్డిరాజు ‘మరియు’ అన్న మాటతోనే యుద్ధమంతటినీ చెప్పేశాడు. వేరు చేయడానికి ఎదిరించే మాట అక్కర్లేదు; పక్కపక్కన రెండు పేర్లు పెట్టినా సరిపోతుంది.

ఇప్పుడు అనువాదం దగ్గరికి తిరిగి రావాలి. నాయకుడు జనాన్ని తన వెంట తిప్పుకోవడానికి గీసే గీత గురించి చెబుతుంటే ‘మనం–వాళ్ళు’ సరైనది, ఎందుకంటే అక్కడ వింటున్నవాణ్ణి చేర్చుకోవడమే జరుగుతున్న పని. ఎదురెదురుగా కూర్చున్న రెండు పక్షాలు, యాజమాన్యమూ యూనియనూ వంటివి, ఒకరితో ఒకరు తెగేసి మాట్లాడుకుంటుంటే అది ‘మేము–మీరు’. ఇంగ్లిషులో ‘దెమ్’ ఉన్నది కదా అని ‘వాళ్ళు’ వేస్తే ఎదురుగా ఉన్న మనిషి మాయమైపోతాడు. మూడో సందర్భమే పత్రికల్లో ఎక్కువ: రాసేవాడు ఏ పక్షమూ కాదు, ఎవరో కొందరి చూపును వర్ణిస్తున్నాడు. అక్కడ ‘మనం’ వేస్తే రాసేవాడూ పాఠకుడూ కూడా ఆ గుంపులో చేరిపోతారు. ‘మేము’ వేస్తే రాసేవాడు మాత్రం చేరతాడు. రెండూ పొరపాటే. దీనికి తెలుగులో ‘తాము’ అన్న మాట ఉంది, ఇంగ్లిషుకు ఆ భాగ్యం లేదు. ‘తమవాళ్ళు–పరాయివాళ్ళు’ అనో, ‘తన–పర భేదం’ అనో రాస్తే, ఎవరి కంటితో చూస్తున్నామో తేటతెల్లమవుతుంది, రాసేవాడి చేతికి మసి అంటదు.

ఇక్కడ ‘తన’ అన్న మాట చేసే విన్యాసం ఒకటి చెప్పుకోదగ్గది. ‘తన–పర’ అన్నప్పుడు తన అంటే సొంతం. ‘మన–తన భేదం లేకుండా అందరికీ పెట్టారు’ అన్నప్పుడు అదే ‘తన’ అవతలిపక్కకు పోయి పరాయివాడి వైపు నిలబడుతుంది. ఒకే మాట రెండు గట్ల మీదా నిలబడగలదు. రెండు జట్ల ఆటకో, రెండు కంపెనీల పోటీకో ఈ పలుకుబడులేవీ అక్కర్లేదు. దానికి ‘పోటీ’ అన్న మాట చాలు. ఊరికే ఎదురుపడటాన్ని కూడా ‘అస్ వర్సెస్ దెమ్’ అంటూ పోతే నిజంగా చీలిక వచ్చిన రోజు చెప్పడానికి మాట మిగలదు.

వీటన్నిటికన్నా దగ్గరి మాట ఒకటి పల్లెల్లో రోజూ నడుస్తూనే ఉంది, దాన్ని సంపాదకీయాలు పట్టించుకోవు: అయినోళ్ళు, కానోళ్ళు. ‘అయినోళ్ళకు ఆకుల్ల, కానోళ్ళకు కంచాల్ల’ అన్న సామెత పంక్తిలో తేడా చూపేవాళ్ళను ఎత్తిపొడవడానికి పుట్టింది. ఇందులో సర్వనామమే లేదు కనుక మనమా, మేమా అన్న చిక్కు లేదు. పైగా ఇది ‘అవు’ అన్న క్రియ నుంచి వచ్చింది. అయినవాడు ఒకప్పుడు కానివాడే. కానివాడు రేపు కావచ్చు. ‘దెమ్’లో గానీ ‘వాళ్ళు’లో గానీ ఈ కదలిక లేదు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ ఇరవై రెండు మంది మగపిల్లలను రెండు జట్లు చేసి, పోటీలు పెట్టి, జెండాలు కాల్చుకునే దాకా తెచ్చిన ప్రయోగంలో, చివరికి ఆ పగ తగ్గించింది నీతిబోధ కాదు. శిబిరానికి నీళ్ళు రావడం ఆగిపోయి, పాడైన చోటు వెతకడానికి రెండు జట్లూ కలిసి నడవవలసి వచ్చింది. ఆగిపోయిన ట్రక్కును అందరూ కలిసి తాడుతో లాగవలసి వచ్చింది. కానోళ్ళు అయినోళ్ళవడం అంటే ఇదే.

ఈ కదలిక అందరికీ తెలిసిన రూపంలో కనిపించేది పెళ్ళిలో. మాటాముచ్చట్ల నాడు ‘పిల్లగానోళ్ళు’, ‘పిల్లోళ్ళు’ అని రెండు పక్షాలు ఎదురెదురు చాపల మీద కూర్చుంటాయి. కట్నం దగ్గర, పెట్టుపోతల దగ్గర ‘మీ’, ‘మా’ తప్ప వేరే మాట వినపడదు. తాళి పడ్డాక ఒక పక్షం మరో పక్షానికి వియ్యంకులవుతుంది. కానీ సర్వనామం అంత తొందరగా మారదు, మారినప్పుడు ఎవరో ఒకరికి తగులుతుంది. పెళ్ళయిన కొత్తలో బిడ్డ తల్లికి ఫోన్ చేసి “వీళ్ళింట్ల ఆదివారం బోనాలట” అంటుంది. ఇంకో ఏడాదికి అదే బిడ్డ “మా ఇంట్ల ఆదివారం బోనాలు, నువ్వు రావాలె” అంటుంది. తల్లికి సంతోషమే. ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ ‘మా’ ఒక్కసారి మళ్ళీ వినపడుతుంది. నిన్నటిదాకా ఆ బిడ్డ నోట ‘మనిల్లు’ అంటే ఈ ఇల్లే.